ఒక్కతీరు మానిటర్లు

కిష్టారెడ్డిపేటలో తోడికోడలి గడప ముందు చంద్రిక ఆగింది. అన్నదమ్ముల మధ్య పొలం గొడవయ్యాక ఈ ఇంటికి రావడం ఇదే మొదలు.

"అక్కా, మీ కంప్యూటర్ మానిటర్ ఒక్క పూట ఇస్తవా?"

"మీదానికేమైంది?"

"దాని చిప్పుల ప్రోగ్రాం పోయిందట. షాపాయన నెట్‌ల దొరికింది ఎక్కిస్తే బొమ్మ తలకిందులొచ్చింది. అదే మానిటర్ ఇంకోటుంటే, దాన్ల నుంచి నకలు తీసి ఎక్కిస్తడట. మీదానికేం కాదు."

"ఇద్దరు కోడండ్లకు తేడా రావద్దని మామ రెండూ ఒక్కతీరుయే కొన్నడు. కొట్లాట మాత్రం ఆగలే."

చంద్రిక తల దించుకుంది. "సోమారం నా బిడ్డ నిషితకు నౌకరీ పరీక్షుంది. ఇంట్లనే, దాని మీదనే రాయాలె."

"నువ్వొచ్చినట్టు మీ ఆయనకెరికేనా?"

"ఎరికలేదు. బావ డ్యూటీకి పోయినంకనే వచ్చిన. ఆయనొచ్చేలోపు తెచ్చిస్త."

"గట్లైతే నేనియ్య."

చంద్రిక వెనక్కి తిరిగింది.

"ఆగు. దొంగలెక్క ఇస్తే మానిటర్ ఒక్కటే బాగైతది. బావ వచ్చేదాక కూసో. ఆయన ముందటనే తీస్కపో."

"వద్దంటే?"

"నువ్వడిగితే అంటడేమో. నా బిడ్డ పరీక్షని నేను చెప్త. చెప్పులిడిచి లోపలికి రా."