కృపాదానం నాలుగో చక్రం

ముత్తుకూరులో నాగులమ్మ టీ కొట్టు ముందు బెంచీ మీద కూర్చొని కృపాదానం మూడో గ్లాసు టీ తాగుతున్నాడు. మామూలుగా ఒక్క గ్లాసుతో గంటసేపు కోతలు కోసే మనిషి.

ఆయన రైసుమిల్లు జకరయ్యగారి కారు డ్రైవరు. ఉప్పుగాలికి ఆ పాత కారు చక్రాలు తుప్పు పట్టిపోతే, నెల్లూరు షెడ్డుకు పంపే పనేమీ లేదు, మా ఇంటి వసారాలోనే అద్దాల్లా చేసి తెస్తానని నాలుగూ విప్పుకొని పోయాడు. చేశాడు కూడా. చిక్కంతా నాలుగో దానితో వచ్చింది. తుప్పు గీకేసరికి బోల్టు రంధ్రం పక్కన బొటనవేలంత పొడుగున సన్నటి పగులు బయటపడింది. గీతేమోలే అనుకున్నాడు. గోరు పెట్టి చూస్తే గోరు దిగింది. అయినా దాని మీద రెండు పూతలు వెండి రంగు పూసి, కారుకు బిగించేశాడు.

ఇంకో అరగంటలో అదే కారులో జకరయ్యగారి తల్లి రెబెక్కమ్మను కంటి ఆపరేషనుకు నెల్లూరు తీసుకుపోవాలి. పన్నెండు మైళ్ళు, అంతా గుంటల రోడ్డు.

భయం వేస్తే కృపాదానానికి నోరు ఆగదు.

"షెడ్డోళ్ళు వారం అడిగినారు. నేను రెండు రోజుల్లో తేల్చినా. ముందు కిరసనాయిలుతో కడిగి, ఇనప బ్రష్షుతో గీకి, ఆనక ఉప్పుకాగితం పట్టినా. ఎంత తుప్పు రాలిందనుకున్నారు, మూడు గోతాలు. మొదటి చక్రానికి రంగేసి గోడకు ఆనించినానా, మా కోడిపుంజు అందులో తన్ను తానే చూసుకొని, ఇంకో పుంజు వచ్చిందనుకొని మీదికి దూకింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పొద్దుగూకే దాకా పోట్లాడి, ఓడిపోయి ఇంట్లోకి వచ్చింది."

"ఎవురి చేతిలో ఓడింది?" అన్నాడు పక్కనున్న కామాక్షయ్య.

"దాని చేతిలో అదే. పందెం కాసినోళ్ళు కూడా ఉండారు, అడిగి చూడు."

అందరూ నవ్వారు. రోడ్డు మీద పోతున్న ఎద్దుబండి చక్రం గుంటలో దిగి దబ్బున లేచింది. కృపాదానం చేతిలో గ్లాసు తొణికింది. మిల్లు వైపు ఒకసారి చూసి, గొంతు ఇంకాస్త పెంచాడు.

"రెండోది ఎండలో పెట్టినా. ఆ వెలుగు పోయి పోయి కృష్ణపట్నం రేవు మీద పడింది. సముద్రంలో ఉన్న పడవలోళ్ళంతా, పట్టపగలు లైటుహౌసు ఎందుకు వెలిగిందబ్బా, తుఫానేమోనని వలలు ఎత్తుకొని ఒడ్డుకొచ్చేసినారు. ఇంక మూడోది దాన్ని మించింది. మద్రాసు పోయే స్టీమరు ఆ మెరుపు చూసి దారి తప్పి మన దిక్కు మళ్ళుకొనింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? కెప్టెను దొర లంగరు వేయించి, దిగి, నడుచుకుంటా మా వసారాలోకి వచ్చి, టోపీ తీసి, ఆ చక్రంలో చూసుకొని గడ్డం గీసుకొని పోయినాడు."

"కత్తి ఎవురిది?" అడిగింది నాగులమ్మ.

"నాదే. దొర దగ్గర ఏముంటాది."

బెంచీ చివర చేపల తట్ట పక్కన పెట్టుకొని బస్సు కోసం కూర్చున్న ముత్యాలయ్య అంతదాకా మాట్లాడలేదు. కృష్ణపట్నం దగ్గర చేపలు పట్టే పల్లెకారి మనిషి. ఇప్పుడు నెమ్మదిగా అన్నాడు.

"కృపాదానమన్నా, కోడిపుంజుకు ఒకటైంది, పడవలకు ఒకటైంది, దొరకు ఒకటైంది. కారుకు నాలుగు చక్రాలు గదా. నాలుగోదాని సంగతేంది?"

చందమామ దిగొచ్చి అందులో మొహం చూసుకున్నాడని చెబుదామని కృపాదానం నోరు తెరిచాడు. ఆ మాట రాలేదు.

"అది పగిలుండాది," అన్నాడు.

నవ్వబోయిన వాళ్ళు ఆయన మొహం చూసి ఆగిపోయారు.

"కానరాకుండా పైన రంగేసినా."

"పెద్దామె ఈ పొద్దే గదా పోయేది," అంది నాగులమ్మ.

కృపాదానం గ్లాసు కింద పెట్టి మిల్లు వైపు పరుగెత్తాడు.

అప్పటికే రెబెక్కమ్మ కారు వెనక సీట్లో కూర్చొని ఉంది. జకరయ్యగారు చక్రాలను గుమస్తాకు చూపించి మెచ్చుకుంటున్నారు. కృపాదానం రొప్పుకుంటూ సంగతి చెప్పాడు. జకరయ్యగారు వంగి చూశారు. వెండి రంగు నిగనిగలాడుతోంది.

"ఎక్కడరా పగులు? పొద్దున్నే మొదలుపెట్టినావా నీ కోతలు? టైమైంది, ఎక్కు."

"కోత కాదయ్యా, నిజం."

"ఏ కోతనన్నా అబద్ధమని చెప్పి కోసినావా నువ్వు?"

కృపాదానం డిక్కీలోంచి స్క్రూడ్రైవరు తీసి నేల మీద కూర్చొని, తను రెండు రోజులు కష్టపడి నునుపు చేసిన రంగును తనే బరబరా గీకాడు. పొట్టు రాలింది. కింద పగులు తేలింది. మొన్న బొటనవేలంతే. బోల్టులు బిగించిన బిగువుకు ఇప్పుడు పక్క రంధ్రం దాకా పాకి ఉంది.

జకరయ్యగారు కారులో ఉన్న తల్లిని చూశారు.

"స్టెప్నీ ఉండాది గదరా. అదన్నా వెయ్యకపోయినావా?"

"అది తుప్పు పట్టి ఉండాదయ్యా. నాలుగూ మెరుస్తాయని ఊరంతా చెప్పుకున్నా."

జకరయ్యగారు డిక్కీలోంచి జాకీ తీసి ముందు పెట్టారు. తిట్టినా బాగుండేదనిపించింది కృపాదానానికి. రెబెక్కమ్మను చెయ్యి పట్టి దించి, అరుగు మీద కూర్చోబెట్టి, జాకీ ఎత్తి స్టెప్నీ బిగించాడు. బోల్టు రెండుసార్లు జారింది.

"కృపాదానం," అని పిలిచింది రెబెక్కమ్మ. పొర కమ్మిన కళ్ళు కారు వైపే ఉన్నాయి. "మిగతా మూడూ నువ్వు చెప్పినట్టే ఉండాయంటావా?"

కృపాదానం చేతులకంటిన తుప్పు తుడుచుకున్నాడు.

"లేదమ్మా. కొంచెం మెరుస్తా ఉండాయి. అంతే."

"సరే, పద. చూపొచ్చినాక నేనే చూసుకుంటా," అంటూ ఆమె లేచి, ఆయన భుజం పట్టుకొని కారెక్కింది.