నూటముప్పైకి వర్గమూలం

వేమూరు బళ్ళో మేడమెట్ల పక్కన ఏటవాలుగా బిగించే చేతిపట్టుకు ఇనుప పైపు ఒక్కటే మిగిలింది. వెల్డింగ్ చేసే జాన్‌బీ నేల మీద సుద్దముక్కతో లెక్క వేస్తుంటే కుర్ర ఇంజనీరు కంగారుపడ్డాడు.

"ఆగు పిన్నీ! నా ఫోన్ ఆగిపోయింది. అంచనాగా కోస్తే పైపు పాడైపోతుంది."

"ఎత్తు ఏడడుగులు, నేల మీద పొడవు తొమ్మిది. వర్గాలు కలిపితే నూటముప్పై, అంతేగా సార్?"

"అవును. దానికి వర్గమూలం కావాలి."

"పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి. ఇంకా తొమ్మిది మిగిలింది. దాన్ని పదకొండుకి రెట్టింపు, ఇరవై రెండుతో భాగిస్తే పాయింట్ నాలుగు. మొత్తం పదకొండు పాయింట్ నాలుగు అడుగులు."

ఆమె కోసి ఆనించింది.

"అతికినట్టు సరిపోయింది! ఎక్కడ నేర్చుకున్నావు పిన్నీ?"

"ఈ బళ్ళోనేనండి, ఏడో తరగతిలో. ఎనిమిదో తరగతి మేడ మీద ఉండేది. అక్కడిదాకా నన్ను చదివించలేదు."

"అయితే ఈ మెట్లు ముందు మీరే ఎక్కండి."