ఒక్క కంప్యూటర్‌ల ఏడు పైథాన్లు

రాత్రి షిఫ్టు దిగినవాళ్లు పొద్దున్నే డిండోలి చాయ్ బండి దగ్గర చేరారు. కూతురు సంధ్యారాణిని కాలేజీకి దించబోతూ అంబదాస్ కూడా ఆగాడు. ఆమెకు ఇవాళ ప్రాక్టికల్. సారేమో పైథాన్ అనే కంప్యూటర్ భాషలో పాత వర్షన్ కావాలన్నాడు, ఆమె ల్యాప్‌టాప్‌లో కొత్తదే ఉంది. ఆ మాట చెవిన పడగానే, సాంచలు, అంటే మరమగ్గాలు, నడిపే నరహరి స్టూలు ముందుకు జరుపుకున్నాడు.

"గింతేనా తమ్మీ? ఇటియ్యి, చాయ్ సల్లారకముందే ఏసిస్త. పైథాన్ పేర్లనే బట్ట తాన్ ఉన్నది, నేసేటోనికి రాకపోతే ఇంకెవలికొస్తది? మొన్న మా బిడ్డ హారతి కంప్యూటర్‌ల గిదే లొల్లి, పాతదుంటే కొత్తది రాదు, కొత్తదొస్తే పాతది అలుగుతది, సవతుల పంచాయితీ. రెండింటికి చెరో అర్ర ఇచ్చి కూసోబెట్టిన. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా?"

"ఏమైంది?" అన్నాడు అంబదాస్.

"ఇంకా జాగ మస్తుగ మిగిలింది. ఊకుంటనా? ఇంకో ఐదు ఏసిన. కనిపెట్టినోడే మర్చిపోయింది సుత ఒకటి దొర్కబట్టిన. ఆఖరుకు వచ్చే ఏడాది రావాల్సింది గూడ ఏసిన."

"ఇంకా రాంది ఎట్లేసినవే?" పక్క సాంచ నడిపే మొండయ్య నవ్వాడు.

"కంపెనోళ్లు సుత ఫోన్ జేసి గదే అడిగిండ్రు, చెప్తనా? ఏడు ఒక్కపారే నడుస్తుంటే కంప్యూటర్ ఎంత కాగిందంటే, మా ఇంటామె ప్రమీల దాని మీదనే జొన్నరొట్టెలు కాల్చింది. గా రోజే నవాగామ్‌ల కరెంటు వాయె. మన కంప్యూటర్‌కెళ్లి వైరు గుంజితే గంత దూరం కడోదరా దాక సాంచలు నడిచినయ్. చీరల అంచులకు పైథాన్ అక్షరాలు పడ్డయి, సేట్ గా డిజైనే ఇంకా అడుగుతుండు."

అంబదాస్‌కు నమ్మకం కుదిరినట్టుంది, ల్యాప్‌టాప్ నరహరి వైపు జరిపాడు. సంధ్యారాణి దాని మీద చెయ్యి పెట్టింది.

"కాకా, ఏసేటప్పుడు కింద 'యాడ్ టు పాత్' అని అడుగుతది గదా, ఏమన్నవ్?"

"అడిగింది బిడ్డా, పాతదాంట్ల కలపాల్నా అని. పాత నూలుల కొత్త నూలు కలిపేటోన్నా నేను? ఏడుసార్లు అడిగినా వద్దనే అన్న."

"పాత్ అంటే పాతది గాదు కాకా, తొవ్వ. ఏది యాడున్నదో కంప్యూటర్‌కు చూపెట్టేది." ఆమె ల్యాప్‌టాప్ సంచిలో పెట్టుకుంది. "తొవ్వ వద్దంటివి, గందుకే ఒక్కటి సుత పిలిస్తే పల్కుతలేదట. నాకు పాతది కాలేజీల హారతే ఏసిస్తనన్నది. అందాక దీన్ని మా బాపు చేతుల పడనియ్యకే అని మరీ మరీ చెప్పింది."