గోడల్లో ఉన్ని

రొమేనియా కొండల్లో ఒక ఊరు, జనవరి మధ్యాహ్నం. ఫిడేళ్లు చేసే త్రయాన్ తన పనిశాల చెక్కగోడ వెంట అరచెయ్యి జరుపుతున్నాడు. భార్య సవేత పొయ్యి పక్కన నిలబడి ఉంది.

“ఇదిగో, ఇక్కణ్ణుంచే గాలి కొడుతోంది. చెయ్యి పెట్టి చూడు.”

“పెట్టాను. ఏం కొట్టట్లేదు.”

“నీకు తెలీదు. ఈ పలక ఊడదియ్యాలి.”

“మళ్లీనా? మొన్నేగా ఊడదీసి ఉన్ని కూరావు. మా అన్న గొర్రెల ఉన్ని అంతా నీ గోడల్లోనే ఉంది. ఆయన ఒంటిమీదకి స్వెట్టర్ లేదు.”

“ఉన్ని కిందకి జారిపోయుంటుంది. లేకపోతే ఇంత చలేంటి?”

“అటక మీద రంపప్పొట్టు పోశావు. తలుపుకి కంబళి కొట్టావు. కిటికీకి రెండో అద్దం బిగించావు. ఇంకా ఎక్కడిదయ్యా చలి?”

“పొయ్యి కట్టిన ఆ ఇలియేని అనాలి. వేడంతా పొగగొట్టంలోంచి పైకి పోతోంది. కాకులు కాచుకుంటున్నాయి.”

“ఇలియేని ఏమీ అనకు. పిల్లి కూడా ఈ సెగ పడలేక గుమ్మంలోకి పోయి పడుకుంది.”

“పిల్లికేం, అది ఫిడేలు తల చెక్కాలా? వేళ్లు కొంకర్లు పోతే ఉలి నిలవదు. నిన్న చూశావుగా, తల చివర మెలి తిరిగే ఆ చుట్ట దగ్గర ఉలి జారి…”

“చూశాను.”

“నాన్న ఆరబెట్టిన చెక్క అది. పాడైపోయింది. అంతా ఈ చలి వల్లే.”

“కాసేపు కూర్చో. టీ తెస్తాను.”

“టీ ఎందుకు? ఇంకో కట్టె వెయ్యి.”

“నేను శాలువా తీసేశాను, చూశావా? చెమట పడుతోంది నాకు.”

“వంటింట్లోంచి వచ్చావు కాబట్టి.”

“వంటింట్లో బకెట్లో నీళ్లు గడ్డకట్టాయి, త్రయాన్. కట్టెలన్నీ ఇక్కడేగా తగలేస్తున్నావు.”

“సరే సరే. ఆ సుత్తి ఇలా ఇవ్వు.”

“ఇవ్వను.”

“విసిగించకు సవేతా. ఈ ఒక్క పలకే. గది వెచ్చబడిందా, వణుకు దానంతటదే పోతుంది.”

“పోదు.”

“ఎందుకు పోదు?”

“ఇటు తిరుగు. నా మొహం చూడు.”

“చూస్తున్నా, చెప్పు. ఎందుకు పోదు?”

“జూలైలో మీ చెల్లెలి కూతురి పెళ్లిలో, మగాళ్లంతా చొక్కాలు విప్పుకుని కూర్చున్న ఎండలో, నీ చేతిలో సారా ఒలికిపోతోందని గ్లాసు నేనే పట్టుకున్నాను.”