కొర్రల సంచి

సాయంత్రం పంచలో వదినె, ఆడబిడ్డ కూర్చుని కొర్రలు చెరుగుతున్నారు. మద్రాసు ఆసుపత్రిలో వదినెకు ఎడమ రొమ్ము తీసేసి ఆరేండ్లయింది.

“వదినా, నీ రవికలో పెట్టుకునే సంచికి పురుగు పట్టిండాది. కొత్త కొర్రలు పోసి కుట్టేదా?”

“వొద్దు పాపా. మోసి మోసి మెడ గుంజుతాంది.”

“పోనీ, దూది పెడదామా?”

“దూదికి బరువుండదు, రవిక పైకెక్కి కూచుంటాది. ఇంక ఏదీ వొద్దు.”

“ఉత్తగా పోతే బాయికాడ ఆడోళ్లు చూడరా?”

“చూసి చూసి వాళ్లే అలిసిపోతారు. నేను మోసింది వాళ్లకోసరం గాదు, మీ అన్న కండ్లకు కొరత కనపడకూడదని.”

“మరి మా అన్న ఏమంటాడో?”

“నిన్ననే అన్నాడు, తీసి పారెయ్, నాకైతే అది ఎప్పుడూ అక్కరలేదని.”

“మంచిమాటే కదా వదినా.”

“మంచిదే. ఆరేండ్ల ముందే అనుంటే నా మెడన్నా మిగిలేది. ఆ కొర్రలు కోళ్లకు పొయ్.”