సొరచేప పంట్లో ముల్లు

కేతేపల్లిలో కాలిన మోటార్లకు వైరు చుట్టే గాలయ్య అండమాన్ పోయొచ్చినప్పటి నుంచి బిక్షమ్మ హోటల్లో చాయ్‌లు చల్లారిపోతున్నాయి. వినేవాళ్లు తాగడం మరిచిపోతున్నారు మరి. పట్నంలో నౌకరీ చేసే కూతురు ప్రవళిక మొదటిసారి అమ్మానాన్నలను విమానం ఎక్కించింది. ఆ సంతోషం గాలయ్య కడుపులో పట్టడం లేదు. ఉన్నదున్నట్టు చెబితే అది చిన్నదైపోతుందని అతని దిగులు.

"సముద్రమంటే ఎగిరెగిరి పడ్తదనుకున్న," అన్నాడు ఆ పొద్దున బెంచీ మీద కాలు మీద కాలేసుకొని. "గాడ గట్ల గాదు. చుట్టూ గుట్టలు అడ్డమున్నయి, నీళ్లు పండుకున్న బర్రె తీర్గ సప్పుడు లేకుండ ఉన్నయి. కండ్లకు అద్దాలు పెట్టిన, నోట్లె గొట్టం పెట్టిన, మోకాళ్ల లోతుల మొకం ముంచిన. పసుపు చాపలు, నీలి చాపలు, మనిషిని జూసి బెదరనే బెదరవు."

ఇంతవరకు నిజమే. ఇక్కడ ఆపితే బాగుండేది, కానీ ఎదురు బెంచీ మీది కుర్రాడు ఎల్లేష్ "గంతేనా మామా?" అన్నాడు.

"గంతేనా అంటవేందిరా, ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ట్రాక్టరు ట్రాలీ అంత తాబేలు వచ్చి నా ముంగట వీపు వంచింది. ఎక్కిన. తాడి మీద తాడి నిలవెట్టినా అందని లోతుకు తీస్కపోయింది. ఊపిరా? గంటసేపు పట్టిన. ఆడ మన బస్టాండంత సొరచాప దవడ వట్టుకొని మూలుగుతాంది. చూస్తే పంట్ల ముల్లు. నా జేబుల పట్టకారు లేని దినముంటదా? నడుం దాకా దాని నోట్లె దూరి ముల్లు పీకిన. పాపం, కండ్లనీళ్లు పెట్టుకుంది."

"నీళ్లల్ల కండ్లనీళ్లెట్ల కనబడ్డయన్నా?" అంది బిక్షమ్మ.

"కనబడలే చెల్లె. వేడిగ తగిలినయి."

అందరూ నవ్వారు, మూలన కూర్చున్న రైతు యోహాను తప్ప. అతను గ్లాసు కింద పెట్టాడు.

"గాలన్నా, నా బాయిల మోటరు జాలికి నాచు చుట్టుకున్నది. నిన్నటి సంది నీళ్లెక్కుతలేవు, నారుమడి నెర్రెలు వడ్తాంది. మునుగుతున్న గని లోపల అంత మసక మసక. సొరచాప నోట్లె దూరినోనివి, జర నా బాయిల దిగరాదే."

గాలయ్యకు చాయ్ పొలమారింది. "గది ఉప్పునీళ్ల విద్య తమ్మీ. ఉప్పు మనిషిని మోస్తది. మంచినీళ్లల్ల నడువది."

బిక్షమ్మ ఉప్పు ప్యాకెట్ ముందుకు జరిపింది. "ఎంత గావాలె?"

పాలకని వచ్చిన గాలయ్య భార్య అమృతమ్మ అంతా వింటూనే ఉంది. ఎదురుగా ఉన్న తమ ఇంట్లోకి పోయి ఎండు ఆనిగెపుకాయ బుర్ర తెచ్చి అతని ఒళ్లో పెట్టింది. బావిలో ఈత నేర్చే పిల్లలు మునగకుండా వీపుకు కట్టే సొరకాయ బుర్ర అది.

"గిది కట్టుకొని దిగు. విమానంల ఒళ్లె వెట్టుకొని అండమాన్ దాకా తీస్కపోతివి. మోకాళ్ల లోతుల గూడ ఇప్పకపోతివి."

"మామా," అన్నాడు ఎల్లేష్, "బుర్ర కట్టుకుంటే మునగనే మునుగరు గదా. మరి తాబేలు నిన్నెట్ల ముంచింది?"

హోటలంతా గొల్లుమంది. యోహాను మాత్రం ఇంకా నవ్వలేదు. ఆ మొహం చూసి గాలయ్యకు సిగ్గేసింది. ఇంటికి పోయి, కూతురు కొనిచ్చిన అద్దాలూ గొట్టమూ తెచ్చాడు.

"నడువ్ తమ్మీ. బుర్ర కట్టుకొని నేను పైన తేల్త, కిందికి జూస్త. నాచు ఏడ చుట్టుకుందో చెయ్యితోని జూపిస్త. మునుగుడు మాత్రం నీదే."

మధ్యాహ్నానికి పైపులో నీళ్లు దుమికాయి. గాలయ్య వణుకుతూ ఒడ్డున కూర్చున్నాడు. పసుపు చేపల్ని చూసిన రోజంత హాయిగా ఉంది అతనికి. యోహాను తువ్వాల అందించాడు.

"నారు దక్కిందన్నా. ఒక్కటే మాట. రేపు హోటల్ల చెప్పేటప్పుడు గా నాచును మొసలి జెయ్యకు."

గాలయ్య తల తుడుచుకున్నాడు.

"చిన్న మొసలి," అన్నాడు.