ఇద్దరు రాకాసులు, ఒక్క కురచ గొంగడి

"అవ్వా, ఫోన్ల రికార్డు పెట్టిన. ఇగ చెప్పు. పొద్దుగాల టీవీల సూసిన రాకాసుల సినిమ మంచిగున్నదా, నువ్వు తాతతోని నల్లగొండల సూసిన పాతది మంచిగుండెనా?"

మంచిగున్నదా అంటవా? మస్తున్నది బిడ్డా. గంత పెద్ద రాకాసులు, గన్ని పైసలు వెట్టి తీసిన్రు, నాకేమొ నడుమల కునుకు వట్టింది. ఆరుకాళ్ళది రెక్కలదాన్ని కొట్టినప్పుడు ఒకపారి లేసిన, మల్ల రెక్కలది ఆరుకాళ్ళదాన్ని కొట్టినప్పుడు ఒకపారి లేసిన. నడుమ ఏమన్న అయ్యిందా? కాలేదా? నేను గదే అనుకున్న.

నువ్వేమొ చెప్తివి, అవ్వా గిది మామూలు సినిమ కాదు, ఆరుకాళ్ళదానికి ఒక సినిమ ఉన్నది, రెక్కలదానికి ఒక సినిమ ఉన్నది, గా రెండు కథలు కలిపి తరువాయి భాగం తీసిన్రు అని. అంటే నిన్నటి పప్పుల మొన్నటి పులుసు పోసి పొయ్యి మీద వెట్టిన్రన్నట్టు. మేం సుత వెట్టుకుంటుంటిమి తియ్యి. కాకపోతే దాన్ని పండుగ వంట అనకపోతుంటిమి. ఇంకోటి, పోయిన సినిమల ఆరుకాళ్ళది సచ్చింది అంటివి గదా? సచ్చింది మల్లెట్ల వచ్చింది? అడిగితె నవ్వుతవు.

పాతది గట్ల కాదు. మీ నాయినకు జరమొస్తె, కాదు కాదు, మీ పెద్దనాయినకు, నల్లగొండ దవాఖానల సూపెట్టుకొని వస్తున్నం. బస్సుకు ఇంక టైమున్నదని మీ తాత సినిమకు తోల్కపోయిండు. నేల టికెట్టు. ఎంత అంటవా, గప్పుడు చారాణకు ఇద్దరం చాయ తాగి బన్ను సుత తినేటోళ్ళం, ఇగ నువ్వే లెక్క చేస్కో. ఇంగ్లీషు సినిమ, ఒక్క ముక్క సమజ్ కాదు. ఇంకో లోకంకెల్లి ఒక బండ వచ్చి పడ్డది, పలిగింది, అండ్లకెల్లి ఏందో బయటికొచ్చి ఊర్ల దాక్కున్నది. ఏందది? సూపెట్టరు! కుక్క మొరుగుతది, ఒక్కపారి ఆగిపోతది. ఆవు తాడు తెంపుకుంటది. తలుపు కింద సందు ఉంటది సూడు, గా సందుల కాళ్ళు కనవడ్తయి. గంతే. కాళ్ళే. సగం సినిమ అయ్యేదాక మొకం సూపియ్యలే. నేను నలుగురు ఉన్న కాడ మీ తాత చెయ్యి గట్టిగ వట్టుకున్న. నవ్వకు. గప్పట్ల ఆడిది మొగని చెయ్యి వట్టుకునుడంటే చిన్న ముచ్చట కాదు.

గీ ఇయ్యాల్టిదాంట్ల పేర్లు పడకముందే రెండు రాకాసులొచ్చి నిలవడ్డయి, పెండ్లి పందిట్ల ఫొటోకు నిలవడ్డట్టు. ఇగ మనుషులున్నరు సూడు, ఆళ్ళకేం పని లేదు. కింద నిలవడుడు, నోరు తెరుసుడు, ఉరుకుడు. పాతదాంట్ల ఒక ముసలామె దీపం బుడ్డి ఇసిరికొట్టి గా రాకాసిని కాలవెడ్తది. ముసలామె! నాకు గది బాగ నచ్చింది.

నాకేం తెలుసంటవా గీ సంగతులు? నేను రాకాసి పెండ్లాన్ని బిడ్డా. రాకాసి చెల్లెను సుత.

అగో, మల్ల నవ్వుతున్నవు. మీ తాత బాగోతంల గుట్ట రాకాసి యేషం కట్టెటోడు. మా అన్న ఎల్లయ్య మా తల్లిగారూర్ల మడుగు రాకాసి కట్టెటోడు. ఆలేరు అవతల వాగుకు ఇటు మీ తాత ఊరు, అటు మా ఊరు. రెండిండ్లల్ల గొర్లే. పంటలు ఇంటికొచ్చినంక గీ ఊర్ల గుట్ట రాకాసి ఆట, గా ఊర్ల మడుగు రాకాసి ఆట. ఎవ్వని ఊర్ల ఆడు పులి. ఒకని ఆటకు ఇంకొకడు పోకపోతుండె. ఎందుకంటె అడుగు, చెప్త. గొంగడి కొట్లాట.

నా పెండ్లిల మా నాయిన అల్లునికి నల్ల గొంగడి పెడ్త అన్నడు. పెట్టిండు. మీ తాత కప్పుకుంటె జానెడు కురచ అయ్యింది. మా అన్న ఏమన్నడు? "గొంగడి సక్కగనే ఉన్నది, బావనే జర ఎక్కువ పెరిగిండు" అన్నడు. ఇగ సూడు, గప్పటిసంది ఇద్దరు మాట్లాడుకోలే. నేను గీడ కూసుండి మా అన్నను ఆడిపోసుకునుడు ఇనాలె, తల్లిగారింటికి పోతె మొగన్ని ఆడిపోసుకునుడు ఇనాలె.

గా కురచ గొంగడినే మీ తాత ఆటకు తెర చేసిండు. ఇద్దరు మనుషులు చెరొక కొస వట్టుకుంటరు, రాకాసి దాని ఎనుక ఉంటడు. ఎంటనే బయటికి రావద్దు, గది కట్టుబాటు. ముందుగాల గజ్జెలు ఇనవడాలె. మల్ల ఊపిరి. మల్ల ఒక చెయ్యి. గొంగడి కురచ గదా, కింద కాళ్ళు కనవడుతుండె, జాజు పూసిన ఎర్రటి కాళ్ళు. పోరగాండ్లు గా కాళ్ళు సూసే ఏడుస్తుండిరి. మీ తాత మా నాయినను తిట్టుకుంటనే గా గొంగడితోని పేరు తెచ్చుకున్నడు. నల్లగొండల గా సినిమ తీసినోడు సుత గదే చేసిండు గదా, తలుపు కింద కాళ్ళు సూపిచ్చుడు. ఆనికి సుత మామ గొంగడి కురచ పెట్టిండొ ఏమొ.

గట్ల నడుస్తుంటె వచ్చె రజాకార్ల ఆగం. నిజాం పాలన ఆఖరు దినాలు. ఊరూర సంఘపోళ్ళు లేసిన్రు, ఎట్టిచాకిరి చెయ్యం, భూమి మాది అన్నరు. వాగుకు ఇటు అటు రెండూర్లకు దొర ఒక్కడే. ఆడు గడిల, గా కోటసొంటి ఇంట్ల, రజాకార్లను తెచ్చి క్యాంపు వెట్టిచ్చుకున్నడు. సంఘపోళ్ళు చీకట్ల వస్తరని దొరకు దడ. పొద్దుమూకకముందే గడి దర్వాజ పడుతుండె. ఊరినంత గడగడ వణికిచ్చేటోడు, కందిలి పెట్టె యాళ్ళకు కోడి లెక్క గూట్లకు పోతుండె.

ఒకనాడు దొరకు ఏం బుద్ధి వుట్టిందో, క్యాంపోళ్ళకు తమాష సూపెట్టాలె అన్నడు. రెండు రాకాసులను ఒక్క ఆటల పెట్టి కొట్లాడిపియ్యాలె, ఎవ్వడు గెలుస్తడో సూద్దాం అన్నడు. మీ సినిమలోళ్ళ కంటె ముందుగాల కనిపెట్టింది మా దొరనే, ఆనికి ఒక దండ ఎయ్యాలె. మీదికెల్లి రాత్రి వద్దట, పట్టపగలు ఆడాలెనట. తెర వద్దట. ఎందుకు ఊకె దాపెడ్తరు, ముందే నిలవెట్టున్రి అన్నడు. అన్నంక నవ్వుకుంట ఇంకో మాట అన్నడు: "ఓడినోని మంద క్యాంపుకు. కోసుకొని తింటరు."

మంద అంటె ఏందో నీకు ఎరుకేనా? మాకు భూమి లేదు, జాగ లేదు, బత్కంత గా గొర్లే. మీ తాత ఓడితె నా ఇల్లు పాయె. అన్న ఓడితె నా తల్లిగారిల్లు పాయె. నేను ఎవ్వలు గెలువాలెనని మొక్కాలె? మల్లన్నకు మొక్కుదామని కండ్లు మూసుకుంటె ఇద్దరి మొకాలు కనవడె.

గడి ముంగట ఆట. దొర, క్యాంపు సర్దారు పక్కపక్కన కుర్చీలేసుకొని కూసున్నరు. ఎనుక బందూకులోళ్ళు. రెండూర్ల జనం ఎండల నిలవడ్డరు. రాకాసులొచ్చిన్రు. ఏం రాకాసులు బిడ్డా! చెమటకు రంగు కారుతున్నది, గొర్ల ఉన్ని జడలు మెడకు అంటుకున్నయి, మా అన్న మీసం ఒక దిక్కు జారింది. చీకట్ల గొంగడి ఎనుక ఉంటె పానం పోతుండె, గీ ఎండల సూస్తె మంచినీళ్ళు తెచ్చియ్యబుద్ధి అయింది.

డప్పు కొట్టిన్రు. మీ తాత గద ఎత్తి ఇట్ల, జర ఇట్ల ముట్టిచ్చిండో లేదో, మా అన్న దబ్బుమని కింద పడ్డడు. "సచ్చిన్రా దేవుడా" అని కాళ్ళు కొట్టుకున్నడు. నాకు సమజైంది. నా ఇంటి గొర్లు దక్కాలెనని పడ్డడు. మీ తాతకు సుత సమజైంది. సమజైనోడు ఏం చేసిండు? గద పారేసి, పడ్డోని మీద ఇంక పెద్దగ పడి తనే సచ్చిండు. నా తల్లిగారిల్లు దక్కాలెనని. గొంగడి కోసం మాట బంద్ వెట్టినోడు!

ఇగ సూడు తమాష. అన్న లేసి మీ తాతను లేపవట్టె, "నేను ముందుగాల సచ్చిన, నువ్వు గెలిసినవు బావా" అని. మీ తాత "నీకేం తెలుసు, నేను పొద్దుగాలనే సచ్చిన" అనవట్టె. ఒకడు లేస్తె ఒకడు పడుడు. ఊదితె పడుడు. దగ్గితె పడుడు. డప్పు కొట్టెటోడు నవ్వాపుకోలేక డప్పు మీద పడ్డడు. జనం నవ్విన్రు బిడ్డా. గడి ముంగట! గా గడి ముంగట చెప్పులు ఏసుకొని నడువలే మేము, గొంతెత్తి దగ్గలే. గసొంటిది కడుపు వట్టుకొని నవ్వుతున్నం. దొర లేసి "ఎవడన్న ఒకడు గెలువున్రిరా!" అని మొత్తుకుంటె ఇంక నవ్విన్రు. రెండు రాకాసులు కింద పొర్లుతున్నరు, రెండు రాకాసులు కుర్చీల మీద గుర్రుమంటున్నరు. అందరిని ఎండల ఒక్క కాడ సూసినంక ఎవ్వల భయం మిగులుతది?

గా సందుల మా మామ, మీ తాత నాయిన, రెండు మందలను గుట్టలల్లకు తోలిండు. ఇటు ఆట తెగుతలేదు, పొద్దు కుంకవట్టింది. దొరకు సంఘపోళ్ళు యాదికొచ్చిన్రు. ఆడు లేసి గడిలకు ఉరికిన ఉరుకుడుకు ఒక చెప్పు వాకిట్లనే మిగిలింది. సర్దారు సుత ఆని ఎనుకనే. దర్వాజ పడ్డది. బయట ఇద్దరు బావలు మట్టి దులుపుకుంట, "ఆఖరుకు ఎవ్వడు సచ్చిండు బావా?" "తెల్వది బావా." అన్ని దినాలకు మాట కలిసింది.

ఇగ మూడో భాగం సుత ఉన్నది. మీ సినిమలకు ఉంటది గదా, మాకు లేకుంటె ఎట్ల? పోలీస్ యాక్షన్ అని మిల్ట్రీ వచ్చింది. రజాకార్లు ఉరికిన్రు. ఊరంత సంబురం, మేము బొట్లు వెట్టుకొని లారీలకు ఎదురు పోయినం. దొర అంతకుముందే పట్నం పారిపోయిండు. పీడ పోయింది అనుకున్నం. మల్ల నెలకొ ఏమొ, తెల్లటోపి వెట్టుకొని మిల్ట్రీ లారీ ముంగటి సీట్ల కూసొని దిగిండు. యేషం మారిస్తె అయిపాయె, పాత రాకాసి కొత్త సినిమల హీరో. మీ కథలు రాసెటోళ్ళు గాడనే నేర్సుకున్నరో ఏమొ.

దిగి, మా అన్నను సూపెట్టిండు. "వీడు సంఘపోడు" అన్నడు. రజాకార్లు పోయినంక మిల్ట్రీ సంఘపోళ్ళనే ఏరవట్టింది. అన్న సంఘపోళ్ళకు అంబలి పోసిండు, నిజమే. ఎవ్వలు పొయ్యలే? గది కాదు సంగతి. గడి ముంగట నవ్విచ్చిండు గదా, దొరకు గది యాదున్నది. మీ తాత గప్పుడు గొర్లెంట గుట్టకు పోయిండు. లేకుంటె ఆయనను సుత అన్నతోని లారీ ఎక్కిచ్చేటోళ్ళు.

ఎవ్వలో చెప్తె గుట్ట దిగి ఉరికొచ్చిండు. లారీ నిలవడే ఉన్నది. భుజం మీది గొంగడి తీసి అన్న మీద ఏసిండు. "కురచది బావా, కాళ్ళు బయటికే ఉంటయి" అన్నడు. మా అన్న నవ్విండు. "ఏం కాదు, నువ్వే జర ఎక్కువ పెరిగినవు" అన్నడు. లారీ ఎనుక పరదా దించిన్రు. గా పరదా సుత కురచనే. కింద నా అన్న కాళ్ళు కనవడ్డయి, మలుపు తిరిగేదాక.

మల్ల రాలే. ఏ జైలొ ఎరుక లేదు, ఏ గుట్టొ ఎరుక లేదు. పీనుగ సుత ఇయ్యలే. మా అమ్మ బతికినన్నాళ్ళు మడుగు రాకాసి ఆట రాత్రి ఒక ఇస్తరాకు ఎక్కువ ఏస్తుండె.

నల్లగొండల తలుపు కింద కాళ్ళు కనవడ్డప్పుడు నేను మీ తాత చెయ్యి వట్టుకున్న అన్న గదా. రాకాసికి భయపడ్డ అనుకున్నవా? ఆయన సుత నా చెయ్యి ఇడువలే బిడ్డా, బస్సెక్కేదాక.

ఏడ్వకు. ఏ, పిచ్చిపోరి, చౌటుప్పల్ కంపెనీల అంతంత మందులు తయారుచేస్తవు, ముసలిదాని మాటకు ఏడుస్తవా? సల్లగుండు. నీ తోడవుట్టినోడు సల్లగుండాలె, ఆని మీద అలిగినవట గదా, ఇయ్యాలనే ఫోను కొట్టు. గది బంద్ చెయ్యి ఇగ. బంద్ చేసి, పొద్దుగాల్టి సినిమ మల్లొకపారి పెట్టు. ఆఁ, గా బేకార్దే. సచ్చిన ఆరుకాళ్ళది మల్ల లేసి వస్తది సూడు, గాడికెల్లి పెట్టు. గిప్పుడు కునుకు తియ్య, సూస్త...